మాస్కో స్తలోవయాలో మూడేళ్ల భోజనం: ఆ సూప్ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది

నేను పనిచేసే హైదరాబాద్ మందుల కంపెనీ 2022 అక్టోబర్లో నన్ను మాస్కో ఆఫీసుకు పంపింది. మొదట్లో వారానికి ఐదు రోజులూ నా మధ్యాహ్న భోజనం ఆఫీసు వెనక సందులో, నేలమాళిగలో ఉన్న ఒక స్తలోవయాలోనే, అంటే ట్రే పట్టుకుని వరసలో వెళ్లి తీసుకునే క్యాంటీన్‌లోనే. దాని పేరు రాయను. ఈ ఊళ్లో ఏ స్తలోవయాకు వెళ్లినా వరస ఒకటే. ట్రే పట్టుకుని నడుస్తుంటే ముందు సలాడ్లు, తర్వాత సూపులు, వేడి వంటకాలు, కంపోత్ అనే పళ్లు ఉడికించిన పానీయం, చివర్లో క్యాషియర్. రెడ్ స్క్వేర్ పక్కన గూమ్ అనే పెద్ద షాపింగ్ భవనంలో 57వ నంబరు స్తలోవయాకు వెళ్లొచ్చినవాళ్లకు ఇదంతా తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది సూప్ గురించి.

మొదటి చలికాలంలో నన్ను కాపాడింది బోర్షే. బయట మైనస్ పదిహేను. మెట్లు దిగి లోపలికి రాగానే కళ్లజోడు మసకబారిపోయేది. అది తుడుచుకునేలోపే ఎర్రటి బీట్‌రూట్ సూప్ గిన్నె ట్రేలోకి వచ్చేది. అందులో క్యాబేజీ, బంగాళాదుంప, పైన ఒక చెంచా స్మెతానా, అంటే చిక్కటి పుల్లమీగడ. దాని మీద గుప్పెడు ఉక్రోప్. మొదటి రోజు ఆ వాసనకి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉక్రోప్ అంటే మన సోయకూరే. వరంగల్‌లో మా అమ్మ పెసరపప్పులో వేసేది అదే. పక్కనే నల్లటి బరదీన్‌స్కీ రొట్టె, పైన ధనియాలు అద్ది. వేల మైళ్ల దూరంలో ఈ రెండు వాసనలూ ఒకే ట్రేలో దొరుకుతాయని నేను అనుకోలేదు. ఇంటికి ఫోన్ చేసిన ప్రతిసారీ ఆ సూప్‌ని పొగిడేదాన్ని.

మా ఇంట్లో గుడ్డు కూడా వండరు. అందుకే రోజూ అడిగే తీసుకునేదాన్ని. వడ్డించే ఆవిడకు యాభై దాటి ఉంటాయి, అయినా ఇక్కడ అందరూ 'దేవుష్కా' అనే పిలుస్తారు, అంటే అమ్మాయీ అని. 'దేవుష్కా, బెజ్ మ్యాసా?' అని, మాంసం లేకుండానే కదా అని అడిగేదాన్ని. ఆవిడ గరిటెతో పైపైన పోసి, 'బెజ్ మ్యాసా' అనేది. మూడు నెలలు అలాగే తిన్నాను.

జనవరిలో ఒకరోజు మీటింగ్ ఉందని పదకొండున్నరకే వెళ్లాను. వంటగది తలుపు తీసే ఉంది. పెద్ద గిన్నెలోంచి ఒకతను పటకారుతో ఎముకలు తీసి పళ్లెంలో పెడుతున్నాడు. ఒక్కోటి నా మోచేయంత ఉంది. ఆ నీళ్లలోకే పక్కనున్న ఆవిడ తరిగిన బీట్‌రూట్ వేసింది. నేను నిలబడిపోయాను. అడిగితే ఆవిడ మామూలుగానే చెప్పింది: 'మాంసం లేదు, బుల్యోన్ మాత్రమే.' ఆవిడ లెక్కలో అది అబద్ధం కాదు. వాళ్లకు మాంసం అంటే ముక్క, ఎముకల రసం మాంసం కిందికి రాదు. కానీ నాకు కడుపులో దేవేసింది. ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి కూడా చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేదు. ఆరు వారాలు మళ్లీ ఆ మెట్లు దిగలేదు, ఆఫీసులోనే పెరుగన్నం తిన్నాను.

ఫిబ్రవరి 27న ఆ గుమ్మం ముందు నుంచి వెళ్తుంటే తలుపుకి కొత్త కాగితం కనిపించింది: 'పోస్నయే మెన్యు'. రాతలో మధ్యన 'త' ఉంటుంది, మాటలో పలకరు. ఆఫీసులో అడిగితే చెప్పారు, పాస్ఖా, అంటే ఈస్టర్ పండుగ ముందు 48 రోజులు వాళ్లకు వెలీకీ పోస్త్, పెద్ద ఉపవాసం. మాంసం, పాలు, గుడ్లు ఏవీ ముట్టరు. మన కార్తీక మాసం గుర్తొచ్చింది. లోపలికెళితే పుట్టగొడుగుల రసంతో క్యాబేజీ సూపు, ఉల్లిపాయలు వేయించి కలిపిన గ్రేచ్కా, అంటే ఉడికించిన బక్‌వీట్ గింజలు, బంగాళాదుంప కూరిన వరేనికీ, అంటే కజ్జికాయల ఆకారంలో ఉడికించిన పిండివంట. ఈసారి ఆవిడే నన్ను చూసి, గిన్నె చూపించి, 'న వద్యే' అంది. నీళ్లతోనే చేశాం అని. నాకు కావాల్సిన మాట అదే. ఆ రోజు నుంచి నేను మాంసం గురించి అడగడం మానేశాను. 'న వద్యే, న బుల్యోనే?', అంటే నీళ్లతోనా, ఎముకల రసంతోనా అని మాత్రమే అడుగుతాను. అక్కడ ఏడాది పొడవునా బుధ, శుక్రవారాల్లో ఒక్క సూపైనా నీళ్లతో చేస్తారని కూడా అలాగే తెలిసింది. ఆ రెండు రోజులూ పోస్త్ రోజులే మరి.

అయితే 'పోస్నయే' అని రాసినవన్నీ కళ్లు మూసుకుని తినలేం. రొయ్యలు, కల్మారీ, అంటే స్క్విడ్, వాళ్ల లెక్కలో చెల్లుతాయి. ఒకసారి సలాడ్‌లో వచ్చాయి. గ్రేచ్కా మీద అడక్కుండానే పద్లీవా, అంటే గ్రేవీ పోసేస్తారు, ముందే వద్దనాలి. గులాబీ రంగులో అందంగా కనిపించే పొరల సలాడ్ జోలికి పోవద్దు, బీట్‌రూట్ అడుగున హెర్రింగ్ చేప ఉంటుంది. వినెగ్రేత్, అంటే బీట్‌రూట్, బంగాళాదుంప ముక్కలు నూనెతో కలిపిన సలాడ్ మాత్రం నిశ్చింతగా తినొచ్చు.

చవక అని మొదట్లో తెగ చెప్పేదాన్ని. స్మెతానాకి వేరే, రొట్టె ముక్కకి వేరే డబ్బులు. అప్పట్లో 350 రూబుళ్లలో అయిపోయే భోజనం ఇప్పుడు 500 దాటుతోంది. సగం గిన్నె సూప్ అడిగితే ఇస్తారు, నేను అదే తీసుకుంటున్నాను. బోర్ష్ రుచి కూడా నీళ్లతో చేసినప్పుడు కాస్త పలచగానే ఉంటుంది, నిజం చెప్పాలి కదా.

ఏ మాంసమైనా తినే మా ఆఫీసువాళ్లకు వీటిలో ఏ ఇబ్బందీ లేదు, వాళ్లకు హాయిగా వెళ్లమనే చెబుతాను. నాలాంటి శాకాహారులైతే, కొత్తగా వస్తున్నవాళ్లైతే, మొదటి నెల వినెగ్రేత్, గ్రేచ్కాతో సరిపెట్టుకుని, 'న వద్యే', 'న బుల్యోనే' అన్న రెండు మాటలూ నోటికి వచ్చాక సూపు దగ్గరికి వెళ్లండి. నేనైతే బుధవారాలు, శుక్రవారాలు వెళ్తున్నాను. మిగతా మూడు రోజులూ డబ్బా తెచ్చుకుంటున్నాను.