పేరు లేని హోమియో పొట్లాలతో జాగ్రత్త, ముఖ్యంగా మోకాళ్ల నొప్పుల ప్యాకేజీలు

మోకాళ్ల నొప్పులకో, ఉబ్బసానికో, సోరియాసిస్‌కో ఏడాది ప్యాకేజీ కట్టించుకుని, పేరూ ఊరూ లేని తెల్ల పొట్లాలు చేతిలో పెట్టే క్లినిక్‌ల గురించి ఈ పోస్టు. మీ ఇంట్లో పెద్దవాళ్లు అలాంటివి ఇప్పటికే వాడుతుంటే, ఇది చదవగానే టెన్షన్‌తో వాటిని ఆపించేయకండి. పొట్లాలతో సహా మంచి ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. వాటిలో చెప్పకుండా స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు, ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం. ఎందుకో కింద రాశాను.

మా అత్తగారికి షుగర్, బీపీ ఉన్నాయి. మోకాళ్లు అరిగాయి, ఆపరేషన్ చేయాలన్నారు. ఆ మాటకే భయపడిపోయి, టీవీలో ప్రకటన చూసి ఒక హోమియో క్లినిక్‌కి వెళ్లారు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయట్లేదు. ఏడాదికి రూ.28,000, మొత్తం ముందే కట్టాలి. "ఈ రోజే కడితే డిస్కౌంట్ అమ్మా" అంటూ కౌన్సెలింగ్ అమ్మాయి వదిలిపెట్టలేదు. డాక్టరు కంటే ఆవిడే ఎక్కువసేపు మాట్లాడింది. చివరికి ఇచ్చింది చక్కెర గోళీల సీసా ఒకటి, కాగితంలో మడిచిన పొడి పొట్లాలు బోలెడు. సీసా మీద పెన్నుతో 4 అని రాసి ఉంది. పొట్లాల మీద ఆ అంకె కూడా లేదు. చీటీ అడిగితే "మా దగ్గర చీటీలు ఉండవండీ, అంతా కంప్యూటర్‌లోనే" అన్నారు.

వారం తిరక్కుండానే నొప్పి పోయింది. "మేడ మెట్లు ఎక్కేశానే అమ్మాయ్" అని ఫోన్లో ఒకటే సంబరం. ఆకలి బాగా పెరిగింది, రాత్రిళ్లు నిద్ర తగ్గింది, మొహం గుండ్రంగా నిండింది. చుట్టాలేమో "ఒళ్లు చేశావు వదినా, మందు పట్టింది" అన్నారు. షుగర్ మాత్రం పగ్గాలు తెంచుకుంది. చెయ్యి గుమ్మానికి కాస్త తగిలితే చాలు, నల్లగా కమిలిపోయేది. క్లినిక్‌లో అడిగితే, మందు పనిచేసే ముందు కొంచెం ఎక్కువవుతుందిలే అన్నారు. హోమియోలో ఆ మాట ఉన్నమాట నిజమే. అయితే అది ఉన్న జబ్బు లక్షణం కాస్త పెరగడం గురించి. మోకాళ్ల మందుకి షుగర్ ఎందుకు పెరగాలి?

పెళ్లికని ఊరెళ్తూ పొట్లాలు ఇంట్లో మర్చిపోయారు. అక్కడ వాంతులు, లేచి నిలబడలేనంత నీరసం. బీపీ పడిపోయింది. ఆసుపత్రిలో ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) మా అత్తగారి మొహం చూడగానే "ఏం పొడి వాడుతున్నారమ్మా?" అని అడిగారు. పొద్దున 8 గంటలకు తీసిన రక్తంలో కార్టిసాల్ అనే హార్మోను బాగా తక్కువగా వచ్చింది.

ఆయన చెప్పింది ఇదీ. కార్టిసాల్ మన ఒంట్లోనే, కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథుల్లో తయారవుతుంది. ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు కూడా ఒంట్లో అదే పని చేస్తాయి. అవి రోజూ బయటి నుంచి వస్తుంటే, కొన్ని వారాలు గడిచేసరికి గ్రంథులు పని మానేస్తాయి. ఉన్నట్టుండి స్టెరాయిడ్ ఆగితే బయటి నుంచి వచ్చేదీ ఉండదు, ఒంట్లో తయారయ్యేదీ ఉండదు. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి అది. అందుకే ముందే రాశాను, మీ అంతట మీరు ఆపించొద్దని. ఇప్పుడు అత్తగారికి హైడ్రోకార్టిసోన్ (మందు రూపంలో ఉండే కార్టిసాల్) ఇస్తూ నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు.

మిగిలిన పొడిని నాలుక కొసకి తాకించి చూశాను. చేదు. హోమియో పొడి అంటే మామూలుగా పాల చక్కెర, తియ్యగా ఉంటుంది. ప్రెడ్నిసోలోన్ నూరితే చేదుగా ఉంటుంది. అలాగని తియ్యగా ఉన్న పొడి మంచిదని అనుకోవద్దు. డెక్సామెథసోన్ మాత్రలో అసలు మందు మామూలుగా అర మిల్లీగ్రామే, చక్కెరలో కలిపేస్తే నాలుక ఏం కనిపెడుతుంది? మా పొట్లాల ల్యాబ్ ఫలితం ఇంకా రాలేదు కాబట్టి అందులో ఫలానాది ఉందని నేను తేల్చి చెప్పట్లేదు. ఒంట్లోకి ఎక్కడి నుంచో స్టెరాయిడ్ వెళ్లిందని మాత్రం డాక్టర్ కేస్ షీట్ మీద రాశారు. ఆవిడ కొత్తగా మొదలుపెట్టిన మందు ఇదొక్కటే.

"హోమియోకి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అన్న మాట మీదే ఈ వ్యాపారమంతా నడుస్తోంది. ఆ మాట ఎంతవరకు నిజమో చూడండి. 30 పొటెన్సీ అంటే అసలు పదార్థాన్ని నూటికి ఒక వంతు చొప్పున 30 సార్లు పల్చన చేయడం. 12 సార్లు దాటేసరికే ఒక్క అణువు మిగలడం కూడా కష్టం. అందులో మోకాళ్ల వాపుని నాలుగు రోజుల్లో దించేదీ ఉండదు, షుగర్ పెంచేదీ ఉండదు. ఆ రెండూ జరిగాయంటే లోపల ఇంకేదో ఉందని అనుమానించాలి. మదర్ టింక్చర్లు (పల్చన చేయని మూల ద్రావణాలు), 3ఎక్స్ (పదో వంతు చొప్పున 3 సార్లే పల్చన చేసినది) లాంటి తక్కువ పొటెన్సీలు వేరే సంగతి. వాటిలో అసలు పదార్థం ఉంటుంది, టింక్చర్‌లో ఆల్కహాల్ కూడా ఉంటుంది. అమెరికాలో పసిపిల్లలకి పళ్లు వచ్చేటప్పటి నొప్పికి అమ్మిన హోమియో మాత్రల్లో బెల్లడోనా అనే విషపు మొక్క సారం లేబుల్ మీద చెప్పినదానికంటే చాలా ఎక్కువగా, ఒక్కో మాత్రలో ఒక్కోలా ఉందని 2017 జనవరిలో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది. అక్కడున్న మనవాళ్లు పిల్లల కోసం కొనేటప్పుడు చూసుకోండి.

మా అత్తగారు వెళ్లిన ఆ క్లినిక్ కౌంటర్లోనే మా ఆడపడుచుకి జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ కూడా అంటగట్టారు, 10,000 మైక్రోగ్రాములది. ఆ డోసులో అది కొన్ని రక్తపరీక్షలనే తప్పుదోవ పట్టించవచ్చు, థైరాయిడ్ కోసం చూసే టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువ చూపించవచ్చు. తనకి థైరాయిడ్ మాత్ర తగ్గించబోయి, చివరి నిమిషంలో డాక్టర్ "ఇంకేమైనా వాడుతున్నావా?" అని అడగబట్టి సరిపోయింది. గుండెపోటు అనుమానంతో చేసే ట్రోపోనిన్ పరీక్ష కూడా దీనివల్ల తప్పు రావచ్చు. ఏ పరీక్షకైనా ముందు ల్యాబ్‌లో చెప్పండి.

నిఖార్సైన హోమియో డాక్టర్లు లేరని కాదు. మా వీధిలో ఒకాయన చీటీ మీద మందు పేరు, పొటెన్సీ రాసి షాపులో కొనుక్కోమంటారు. షాపులో సీలు వేసిన సీసా మీద హోమియోపతిక్ మెడిసిన్ అనే మాట, మందు పేరు, పొటెన్సీ, తయారీదారు చిరునామా ఉండాలి. ఆల్కహాల్ ఉంటే ఎంత శాతమో కూడా ఉండాలి.

మీకూ ఇలాంటిది జరిగి ఉంటే పొట్లాలు పారేయకండి, రసీదులు చింపేయకండి. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం సెక్షన్ 26 కింద మామూలు కొనుగోలుదారు కూడా ఫీజు కట్టి మందుని ప్రభుత్వ అనలిస్టుకి పరీక్షకి పంపించవచ్చు. మందువల్ల హాని జరిగితే చెప్పుకోవడానికి 1800-180-3024 టోల్ ఫ్రీ నంబరు ఉంది. డబ్బుల సంగతికైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

మేము డబ్బు వెనక్కి అడిగాం. రీఫండ్ పాలసీ లేదట. కావాలంటే మిగిలిన నెలల్ని ఇంట్లో ఇంకెవరి పేరు మీదికైనా మారుస్తామన్నారు, మా మావయ్యగారికి కూడా మోకాళ్ల నొప్పులున్నాయని వాళ్ల కంప్యూటర్‌లో ఉందట.