ట్రాక్ షూలు వెడల్పుగా ఉంటే మంచిదని ఎవరైనా చెబితే వెంటనే కొనేయకండి

20 టన్నుల ఎక్స్‌కవేటర్‌కి ట్రాక్ షూలు (చైన్‌కి బోల్టులతో బిగించే, నేలకి ఆనే ఇనుప పలకలు) మార్చబోతున్నవాళ్లు కొనేముందు ఇది చదవండి. నాకు జరిగిన నష్టం ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను.

మా బండికి మొదటి నుంచి 600 మిల్లీమీటర్ల షూలే ఉండేవి. అవి అరిగిపోయి కొత్తవాటి కోసం వెళ్తే అమ్మేవాడు 800వి తీసుకోమన్నాడు. బండి కుదురుగా నిలబడుతుంది, దిగబడదు అన్నాడు. బురదలో తిరిగే బండి విషయంలో ఆ మాట నిజమే. అదే బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది కాబట్టి నేల మీద ఒత్తిడి దాదాపు పావు వంతు తగ్గుతుంది. కానీ మా పని రాతి నేల మీద. ఆ సంగతి అతను అడగలేదు, నేను చెప్పలేదు.

రాతి మీద షూ మొత్తం ఆనదు. అంచు ఏదో ఒక రాయి మీదకి ఎక్కుతుంది, బరువంతా అక్కడ పడుతుంది. గడ్డపార ఎంత పొడవుంటే బండ అంత సులువుగా లేస్తుంది కదా, వెడల్పు షూ అంచు కూడా అలాగే తన బోల్టులను తానే పెకలిస్తుంది. బండి తిప్పినప్పుడల్లా మెలిక కూడా తోడవుతుంది.

రెండో నెలలోనే బోల్టులు వదులయ్యాయి. బిగిస్తే నాలుగు రోజులకి మళ్లీ అంతే. తర్వాత కొన్ని షూల అంచులు పైకి వంగాయి, రెండు షూలు బోల్టు రంధ్రం దగ్గరే పగిలాయి. అన్నిటికంటే బాధ కలిగించింది షూలు బిగించే చైన్ లింకులు పాడవడం. వదులుగా ఉన్న షూ కదిలి కదిలి లింకు ముఖాన్ని తినేసింది, రంధ్రాలు కోలగా సాగాయి. ఆ స్థితికి వచ్చాక కొత్త బోల్టు వేసినా పట్టు నిలవదు. షూలు మార్చుదామని వెళ్లినవాడిని చివరికి చైన్ కూడా మార్చాల్సి వచ్చింది.

విప్పి చూస్తే లింకుకి ఆనే చోట షూకి మందంగా పెయింట్ ఉంది. ఆ పొర నలిగిపోతే బోల్టు బిగువు పోతుంది, దాన్ని గీకి శుభ్రం చేశాకే బిగించాలి. పాత బోల్టులు బాగానే ఉన్నాయని వాటినే వేయించడం మాత్రం నా తప్పు. షూకి నాలుగు చొప్పున రెండు వైపులా కలిపి 350కి పైగా బోల్టులు ఉంటాయి. ఖర్చు అనిపించినా బోల్టులు, నట్లు కొత్తవే వేయించండి. మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (ఎంత బలంతో తిప్పాలో ఆ లెక్కకి) బిగించి, ఆపైన అందులో చెప్పినంత కోణం తిప్పించండి. నట్టు నుంచి లింకు మీదకి పెయింట్‌తో ఒక గీత గీస్తే ఏది కదిలిందో చూడగానే తెలిసిపోతుంది.

బండి దిగబడకుండా ఉండడానికి ఎంత వెడల్పు కావాలో అంతే తీసుకోండి, ఒక్క సైజు కూడా పైకి వెళ్లొద్దు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఏ నేల మీద నడుస్తుందో దాన్ని బట్టే కొనండి, వానల్లో వచ్చే పది రోజుల బురద కోసం కాదు.

అమ్మినవాళ్లకి ఫిర్యాదు చేస్తే, రాళ్ల మీద వాడితే తమకు బాధ్యత లేదన్నారు. అందుకే బిల్లు మీద మీ బండి మోడల్, పనిచేసే నేల రెండూ రాయించుకోండి. నా బిల్లులో ట్రాక్ షూలు, 800 అని తప్ప ఇంకేమీ లేదు.