బెంగళూరు విడిచి దగ్గరి ఊరికి: హోసూరు, బంగారుపేట, చిక్కబళ్లాపురం, హిందూపురం

మారతహళ్లిలో, కె.ఆర్.పురంలో అద్దెకుండే తెలుగువాళ్ల ఇళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తుంది: ఇంత అద్దె కట్టి, ట్యాంకర్ నీళ్లకు ఇంత పోసి, రోజుకు మూడు గంటలు రోడ్డు మీద పోగొట్టుకోవడం ఎందుకు, గంటన్నర దూరంలో ఏదన్నా చిన్న ఊరు చూసుకుంటే పోలేదా అని. నిజమే, చూసుకోవచ్చు. కానీ ఊరిని మ్యాప్ చూసి తేల్చుకోకూడదు. ఆఫీసు ఏ దిక్కున ఉంది, కుళాయిలో వచ్చేవి ఏ నీళ్లు, ఊరు ఏ రాష్ట్రంలో ఉంది అనే మూడు లెక్కలూ కలవాలి. ఒక్కటి తప్పినా ఏడాది తిరక్కుండానే సామాన్లు మళ్లీ లారీ ఎక్కుతాయి.

ముందు దిక్కు చూడాలి. బెంగళూరును అడ్డంగా దాటి వెళ్లాల్సిన ఊరు ఎంత మంచిదైనా వద్దు. ఎలక్ట్రానిక్ సిటీ, బొమ్మసంద్ర, జిగని వైపు పనిచేసేవాళ్లకు హోసూరు. వైట్‌ఫీల్డ్, మహదేవపుర వాళ్లకు బంగారుపేట, మాలూరు, కోలారు. హెబ్బాళ, యలహంక, ఎయిర్‌పోర్టు పక్క వాళ్లకు చిక్కబళ్లాపురం. వారానికి ఒకట్రెండు రోజులే ఆఫీసు ఉన్నవాళ్లకూ, రిటైరైనవాళ్లకూ హిందూపురం. తుమకూరు మంచి ఊరే, రైళ్లూ బాగానే ఉన్నాయి. కానీ అది పీణ్య, యశవంతపుర వైపు పని ఉన్నవాళ్ల ఊరు. అక్కణ్ణుంచి రోజూ వైట్‌ఫీల్డ్ వెళ్లొస్తామంటే శరీరం ఒప్పుకోదు.

నాలుగింట్లో తెలుగువాళ్లకు చప్పున అలవాటయ్యేది హోసూరే. బెంగళూరుకు సుమారు 40 కిలోమీటర్లు, 44వ నంబరు జాతీయ రహదారి మీదే ఉంది. తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా, 2019లో కార్పొరేషన్ అయింది. టైటన్, టీవీఎస్, అశోక్ లేలాండ్ కార్ఖానాల వల్ల దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి ఉంటారు కాబట్టి కొత్తవాళ్లను వింతగా చూడరు. కూరగాయల అంగట్లో తమిళంలో అడిగితే తమిళంలో, కన్నడంలో అడిగితే కన్నడంలో, తెలుగులో అడిగితే తెలుగులో ధర చెప్తారు. చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు తరతరాలుగా ఇంటి భాష. యాస మనకు కొత్తగా ఉంటుందేమో గానీ పలకరింపు కొత్తగా ఉండదు.

రాకపోకలకు మూడు దారులున్నాయి. బస్సు తెల్లవారుజాము నుంచి రాత్రిదాకా దొరుకుతుంది. 2025 ఆగస్టులో ఆర్.వి.రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా మెట్రో పసుపు లైను మొదలయ్యాక, బస్సులో బొమ్మసంద్రలో దిగి మెట్రో ఎక్కితే సిల్క్ బోర్డు కూడలి ఇరుకు తప్పుతుంది. మూడోది రైలు. హోసూరు నుంచి వచ్చే లైను హీలలిగె, కార్మెలారం, బెళ్లందూర్ రోడ్ స్టేషన్ల మీదుగా బయ్యప్పనహళ్లి వెళ్తుంది. సర్జాపుర రోడ్డు ఆఫీసులకు ఇంత దగ్గరగా దించే బండి ఇంకోటి లేదు. ఇబ్బందల్లా బండ్లు తక్కువ కావడమే, ఒకటి తప్పితే ఆ పూట బస్సే గతి. శుక్రవారం సాయంత్రం చందాపుర, అత్తిబెలె మధ్య లారీలు, ఊళ్లకు పోయే కార్లు కలిసి రోడ్డు ఆగిపోతుంది. ఆ రోజు ఏడు దాటాక బయల్దేరడమో, మధ్యాహ్నమే వచ్చేయడమో చేయాలి.

హోసూరు చూడ్డానికి వెళ్లినప్పుడు బస్టాండు పక్క లాడ్జిలో దిగొద్దు. రాత్రంతా హైవే హోరులో ఊరెలా ఉంటుందో తెలియదు. బాగలూరు రోడ్డు, దేన్కనికోట రోడ్డు వైపు చూసుకుంటే మీరు రేపు ఉండబోయే వీధులే కనిపిస్తాయి. పని రోజుల్లో కార్ఖానాలకు వచ్చేవాళ్లతో గదులు నిండుతాయి, ముందే చెప్పి పెట్టుకోవాలి. కరెంటు బిల్లు అక్కడ రెండు నెలలకోసారి వస్తుంది, మొదటిసారి చూసి బెదరొద్దు. మెయింటెనెన్సు పేరుతో ఒక్కో ఏరియాకు పగలంతా కరెంటు తీసే రోజు ఉంటుంది. ముందే ప్రకటిస్తారు గానీ ఇంట్లోంచి పనిచేసేవాళ్లకు ఇన్వర్టరు లేకుండా కుదరదు. ఫైబర్ లైను ఉందా అని అడిగితే చాలదు. కరెంటు పోయినప్పుడు వీధి చివరి పెట్టెకు బ్యాటరీ ఉందా అని పక్కింటివాళ్లను అడగాలి. మీ ఇంట్లో ఇన్వర్టరు ఉండి అక్కడ బ్యాటరీ లేకపోతే నెట్ ఆగినట్టే.

ఇక కోలారు పక్క. ఇక్కడి బలం రైలు. బంగారుపేట జంక్షన్, మాలూరు మీదుగా వచ్చే బండ్లు వైట్‌ఫీల్డ్ స్టేషన్లో ఆగుతాయి, దాని పక్కనే వైట్‌ఫీల్డ్ (కాడుగోడి) మెట్రో స్టేషన్. పర్పుల్ లైను 2023 అక్టోబరులో పూర్తిగా కలిసిపోయాక ఈ దారి విలువ పెరిగింది. నెల పాస్ తీసుకుంటే ఖర్చు బస్సులో నాలుగో వంతు కూడా కాదు. పాస్ 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు, కానీ రిజర్వేషన్ బోగీల్లో చెల్లదు. సూపర్‌ఫాస్ట్ బండి ఎక్కాలంటే అదనపు రుసుము కట్టి ఉండాలి, తనిఖీలో దొరికేది ఎక్కువగా ఇక్కడే. ఉదయం బండ్లలో నిలబడే చోటు కూడా కష్టం. బంగారుపేటలో ఎక్కితే సీటుకు ఆశ ఉంటుంది, మాలూరులో ఎక్కితే ఉండదు. అద్దె కాస్త తక్కువని మాలూరా, సీటు దొరుకుతుందని బంగారుపేటా అని ఊగేవాళ్లకు మా మాట బంగారుపేటే. కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో ఇళ్లు ఇంకా చవక. 2001లో గనులు మూసేశాక ఊరు చిన్నబోయింది గానీ తెలుగు, తమిళం, కన్నడం కలగలిసి మాట్లాడే జనం ఆప్యాయంగా ఉంటారు. గాలికాలంలో గని దిబ్బల దుమ్ము లేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు దిబ్బలకు దూరంగా ఉన్న వీధే చూసుకోవాలి. వైద్యానికి కోలారు దగ్గర టమకలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది.

ఇప్పుడు నీళ్ల సంగతి. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో ఇల్లు చూసేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఏడాది పొడవునా పారే నది లేదు, బోర్లు చాలా లోతుకు పోయాయి, లోతు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. తాగే నీళ్లలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశ ప్రమాణం, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాకా. చాలామంది ఇల్లు చూడ్డానికి జేబులో టీడీఎస్ మీటరు పెట్టుకుని వెళ్తారు. మీటరు 400 చూపిస్తే, 500 లోపే కదా అని మురిసిపోతారు. ఆ మీటరు చూపేది మొత్తం లవణాలను, ఫ్లోరైడును కాదు. అదే 400లో 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నా మీటరు ఏమీ చెప్పదు. కుళాయి మూతి చుట్టూ గట్టిపడిన తెల్లటి అంచు, నీళ్లు కాచే గిన్నె అడుగున సున్నపు పొర చెప్పేది గరుకునీళ్ల (హార్డ్ వాటర్) సంగతి. వాటివల్ల గీజరు, వాషింగ్ మెషిన్ పాడవుతాయి, జుట్టు పొడిబారుతుంది. ఫ్లోరైడ్ కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు. పిల్లల పళ్ల మీద గోధుమరంగు మరకలు పడ్డాకగానీ బయటపడదు.

పరీక్షకు ఇవ్వడం సులభం. మోటరు ఐదు నిమిషాలు నడిచాక, అవే నీళ్లతో రెండుమూడు సార్లు కడిగిన లీటరు ప్లాస్టిక్ సీసాలో పట్టాలి. ఫ్లోరైడ్ గాజుతో కలిసి లెక్క మారుతుంది కాబట్టి గాజు సీసా వద్దు. జిల్లా తాగునీటి ప్రయోగశాలలో ఇచ్చి ఫ్లోరైడ్, నైట్రేట్, గరుకుదనం (హార్డ్‌నెస్) మూడూ చూడమని అడగాలి. ఫలితం రాకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ కూడా పనికిరావు. ఆర్ఓ తీస్తుంది. వీధుల్లో నాణెం వేసి 20 లీటర్లు పట్టుకునే శుద్ధనీటి కేంద్రాలు ఉన్నాయి, కానీ వాటి మెంబ్రేన్ (నీళ్లు వడగట్టే పొర) ఎప్పుడు మార్చారో గోడ మీద రాసి ఉందా చూడాలి, రాయకపోతే అడగాలి. 2018 నుంచి కె.సి.వ్యాలీ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. దానివల్ల బోర్లు మేలుకున్న చోట్లు ఉన్నాయి. అయితే ఆ నీళ్లు భూమిలో ఇంకడానికి, తాగడానికి కాదు. చెరువు పక్కనే ఇల్లయితే పరీక్ష ఇంకా తప్పదు.

ఇంటి ఓనర్ని అడగాల్సినది "నీళ్లు బాగుంటాయా?" అని కాదు, ఎవరూ బాగుండవని చెప్పరు. "ఏప్రిల్లో సంపు ఎన్ని రోజులకోసారి నిండుతుందన్నా? పోయిన ఎండాకాలం ట్యాంకర్ ఎన్నిసార్లు తెప్పించారు?" అని అడగండి. జవాబు తడబడితే పక్కింటి అక్కను అడగండి, ఆమె నిజం చెప్తుంది.

చిక్కబళ్లాపురం 60 కిలోమీటర్లు. పూలు, ద్రాక్ష, నందికొండ (నంది హిల్స్) గాలి, విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్లి పక్కనే. బస్టాండులో, సంతలో తెలుగు ధారాళంగా వినపడుతుంది, చింతామణి, బాగేపల్లి వైపు పోయేకొద్దీ మరీను. ఎయిర్‌పోర్టులో షిఫ్టు ఉద్యోగాలకు ఇంతకన్నా అనువైన ఊరు లేదు. హెబ్బాళ దాటి లోపలికి వెళ్లాల్సినవాళ్లకు మాత్రం ఉదయం ఎనిమిది తర్వాత ఇబ్బంది, కారులో అయితే దారిలో టోలు కూడా. రైలు లైను ఉంది గానీ బండ్లు తక్కువ, బస్సునే నమ్ముకోవాలి. కర్ణాటక చిరునామా ఉన్న ఆడవాళ్లకు 2023 జూన్ నుంచి శక్తి పథకంలో సాధారణ బస్సులు ఉచితం, కాబట్టి రోజూ వెళ్లొచ్చే మహిళకు ఇక్కడ ఖర్చు బాగా తగ్గుతుంది. చూడ్డానికి శని, ఆదివారాల్లో వెళ్లొద్దు. నందికొండ జనంతో గదుల ధరలు పెరుగుతాయి, ఊరి అసలు ముఖం కనిపించదు. మంగళవారమో బుధవారమో వెళ్లండి.

హిందూపురం మన రాష్ట్రం, శ్రీ సత్యసాయి జిల్లా. వంద కిలోమీటర్ల పైచిలుకు. చింతపండు, పట్టుగూళ్ల మార్కెట్ల ఊరు. బెంగళూరు కన్నా సుమారు 300 మీటర్లు కింద ఉంది కాబట్టి ఎండ రెండు డిగ్రీలైనా ఎక్కువ. గౌరిబిదనూరు మీదుగా వచ్చే రైళ్లలో యలహంకలో దిగొచ్చు. రోజూ మాత్రం వద్దు, బండి గంట ఆలస్యమైతే ఆ రోజు అక్కడితో సరి. వారానికి రెండు రోజులైతే హాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో ఆడవాళ్లకు ఉన్న ఉచిత ప్రయాణం బెంగళూరు బస్సుకు వర్తించదు. పెద్ద జబ్బులకు పుట్టపర్తిలో 1991లో మొదలైన ఉచిత సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి అందుబాటులో ఉండటం పెద్ద ధైర్యం. కానీ అర్ధరాత్రి గుండెనొప్పికి అంత దూరం పోలేం. ఊళ్లో రాత్రి డాక్టరు ఉండే ఆసుపత్రి ఏదో రాత్రి పదింటికి వెళ్లి చూడండి. ఊరు చూడ్డానికి పెళ్లిళ్ల ముహూర్తాల్లో వెళ్తే గదులు దొరకవు, 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షిలో దిగి ఉదయం రావచ్చు.

పిల్లలున్నవాళ్లు అన్నిటికన్నా ముందు చూడాల్సింది రాష్ట్రం సరిహద్దు. ఇంజనీరింగ్ లాంటి కాలేజీల్లో కర్ణాటక స్థానికుల సీట్లకు సాధారణంగా ఒకటి నుంచి పన్నెండులోపు ఏడేళ్లు అక్కడ చదివి, పదో తరగతో పీయూసీనో (ఇంటర్) అక్కడే పాసై ఉండాలి. ఆంధ్రలో స్థానికతకు అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరసగా చదవాలి. తమిళనాడులో ఇంజనీరింగ్ సీట్లకు ఎనిమిది నుంచి పన్నెండు దాకా అక్కడ చదివినదాన్ని చూస్తారు. తొమ్మిదో తరగతి మధ్యలో బెంగళూరు నుంచి హోసూరుకు మారితే తమిళనాడు లెక్క కుదరదు, కర్ణాటక లెక్కకు ఏడేళ్లు నిండినా అక్కడ పదో, పీయూసీనో పాసవ్వాలి. ఐదో తరగతి లోపు మారండి, లేదా పన్నెండు అయ్యాక మారండి. భాష సంగతీ అంతే: తమిళనాడులో 2006 చట్టం వల్ల తమిళం, కర్ణాటకలో 2015 చట్టం వల్ల కన్నడం నేర్వాలి. ఏడో తరగతి పిల్లకు కొత్త లిపి మొదటినుంచీ నేర్పడం ఇంటిల్లిపాదికీ కష్టం.

ఇల్లు కొనకండి, ముందు పదకొండు నెలలు అద్దెకుండండి. హోసూరులో 2019లో అమలైన అద్దె చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, అడ్వాన్సు మూడు నెలల అద్దె దాటకూడదు, ఒప్పందాన్ని నమోదు కూడా చేయించాలి. స్థలం కొనాలనుకుంటే కర్ణాటక పంచాయతీల్లో 11బి ఖాతాకు (అనుమతులు సరిగా లేని స్థలాలకు ఇచ్చేది) దూరంగా ఉండండి, బ్యాంకు సాధారణంగా అప్పు ఇవ్వదు. హోసూరులో డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) అనుమతి నంబరు చూడండి. "మెట్రో వస్తుంది, ఎయిర్‌పోర్టు వస్తుంది" అని చెప్పి పెంచిన ధర కట్టొద్దు. హోసూరు ఎయిర్‌పోర్టును 2024 జూన్‌లో ప్రకటించారు, కానీ బెంగళూరు ఎయిర్‌పోర్టు ఒప్పందంలో 2033 దాకా 150 కిలోమీటర్లలోపు ఇంకో అంతర్జాతీయ ఎయిర్‌పోర్టు రాకూడదనే షరతు ఉంది.

బండి ఉంటే ఇదీ చూసుకోవాలి. అదే రాష్ట్రంలో ఊరు మారితే 30 రోజుల్లో ఫారం 33తో చిరునామా మార్పించాలి. రాష్ట్రం మారితే 12 నెలల్లోపు కొత్త నంబరు తీసుకోవాలి. పాత ఆర్టీవో దగ్గర ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), కొత్తచోట ఫారం 27. బ్యాంకు అప్పు ఉంటే బ్యాంకు నుంచి అంగీకార పత్రం ముందే తెచ్చుకోవాలి, జాప్యం ఎక్కువగా అక్కడే. కొత్తచోట పన్ను కట్టిన రసీదు చేతికొచ్చాకే పాతచోట మిగిలిన పన్ను వాపసుకు దరఖాస్తు పెట్టాలి.