రిహాబ్ సెంటర్‌లో చేర్చే ముందు రాత్రి పూట నర్సులు ఎంతమంది ఉంటారో చూడండి

హైదరాబాద్‌లో పక్షవాతం వచ్చినవాళ్ల కోసం రిహాబ్ సెంటర్ వెతుకుతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. సెంటర్ పేరు రాయడం లేదు, జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

నాన్నగారికి స్ట్రోక్ వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది. ఆస్పత్రి వాళ్లు ఫిజియోథెరపీ రోజూ కావాలంటే ఈ సెంటర్‌లో చేర్చాం. ఫిజియో హాలు బాగుంది, థెరపిస్టులు మంచివాళ్లు. వాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఫిజియో రోజుకి గంటో రెండు గంటలో. మిగతా సమయమంతా మనిషి మంచం మీదే ఉంటారు, చూసుకోవాల్సింది నర్సులు. మాకు అన్యాయం జరిగింది అక్కడే.

'24 గంటల నర్సింగ్' అని డబ్బు కట్టించుకున్నారు. రాత్రయితే ఫ్లోర్ మొత్తానికి ఒకే నర్సు. మిగతావాళ్లు యూనిఫాం వేసుకున్న కేర్‌టేకర్లు. ఆ పిల్లల్ని ఏమీ అనలేను, పని నేర్పించకుండానే డ్యూటీ వేశారు. తప్పు యాజమాన్యానిది.

తనంతట తాను కదల్లేని మనిషిని మంచం మీద సుమారు రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. చార్టులో అలా తిప్పినట్టు వరసగా టిక్కులున్నాయి. ఒక సాయంత్రమంతా నేను పక్కనే కూర్చున్నాను, ఎవరూ రాలేదు. మర్నాడు చూస్తే ఆ గంటలకి కూడా టిక్కులు పెట్టేశారు! నడుము కింద ఎర్రగా కందితే డైపర్ రాష్ అని పౌడర్ చల్లారు. వేలితో నొక్కినా ఆ ఎరుపు తెల్లబడకుండా అలాగే ఉంటే అది బెడ్‌సోర్ (ఒకేచోట బరువు పడి వచ్చే పుండు) మొదటి దశ. అప్పుడే ఆ చోట బరువు పడకుండా చూస్తే చాలావరకు తగ్గిపోతుంది. వీళ్లు చర్మం ఊడి లోపల కండ కనిపించేదాకా వదిలేశారు. ఒంటి మీద ఒత్తిడి తగ్గించడానికి మోటారుతో గాలి నింపే ఎయిర్ బెడ్‌కి విడిగా అద్దె వసూలు చేశారు, దాని మోటార్ ఆపేసి ఉంది. నొప్పి అని చెప్పడానికి నాన్నగారికి మాట లేదు. నాకు ఇప్పటికీ నిద్రపట్టనివ్వనిది అదే.

ముక్కు గొట్టంతో ఆహారం పోసేటప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, లేకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంది. పక్క మంచం పెద్దాయనకి వెల్లకిలా పడుకోబెట్టి పోస్తుంటే నేనే ఆపించాను. అడిగితే ఇన్‌ఛార్జ్ మేడం రేపొస్తారన్నారు. పుండు సంగతి ఎత్తితే వయసు వల్ల వచ్చిందన్నారు.

కాబట్టి హాలు, మిషన్లు చూసి అడ్వాన్స్ కట్టకండి. రాత్రి పూట వెళ్లి వార్డు చూస్తామని అడగండి, ఒప్పుకోకపోతే వేరే చోటు చూసుకోండి. నర్సులు జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) లేదా బీఎస్సీ నర్సింగ్ చదివి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యారా అని అడగండి. డైపర్లు, డ్రెస్సింగ్, ఎయిర్ బెడ్ ప్యాకేజీలో ఉన్నాయో లేదో, మధ్యలో తీసుకెళ్లిపోతే ఎంత డబ్బు వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోండి. మాకు నోటిమాటగా చెప్పిన రీఫండ్ ఇప్పటికీ రాలేదు.

ఇలా ఇప్పటికే నష్టపోయినవాళ్లు ముందు మెడికల్ రికార్డులు రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో డాక్టరు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ నిబంధన ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, నష్టం జరిగిన రెండేళ్లలోపు కేసు వేయాలి, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు. మేము జిల్లా వైద్యాధికారికి కూడా ఫిర్యాదు ఇచ్చాం. నాన్నగారు ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు, రోజూ డ్రెస్సింగ్ చేయిస్తున్నాం, పుండు మెల్లగా మానుతోంది.

మీవాళ్లు ఎక్కడైనా చేరి ఉంటే, ఈ రోజు వెళ్లినప్పుడు దుప్పటి తీసి నడుము కింద, మడమలు, తుంటి మీరే చూడండి. ఎర్రగా కనిపిస్తే తేదీ పడేలా ఫొటో తీసి, డ్యూటీ డాక్టర్‌ని అక్కడికే పిలిపించండి.