ఏగిస గుమ్మం: పదకొండేళ్ల తర్వాత

ఏగిస చెక్క ఎంత గట్టిదో మన వైపు ఎవరినడిగినా చెబుతారు. అది రంగు కక్కుతుందని మాత్రం పర్లాకిమిడిలో నాకు చెక్క అమ్మినవాళ్లెవరూ చెప్పలేదు. నా ఏడుపంతా దాని గురించే.

2014లో ఇల్లు కడుతూ, టేకు ధర విని వెనక్కి తగ్గి, వీధి గుమ్మానికీ రెండు కిటికీలకూ ఏగిస తీసుకున్నాం. ఒడియావాళ్ల పియాశాల్ ఇదే. కోసి ఎన్నో నెలలు కాలేదు, పచ్చి పోలేదు. పోగు అటూ ఇటూ తిరిగి ఉండటంతో చిత్రిక పడుతుంటే చెక్క పెచ్చులు లేచేది, వడ్రంగి తిట్టుకుంటూనే పని కానిచ్చాడు. గోడ పూత ఆరకముందే ద్వారబంధం చుట్టూ వేలెడు వెడల్పున పసుపు మరక దిగింది. "ఏగిస తడిస్తే అంతే బాబూ, గోడ వైపు ముందే వార్నిష్ కొట్టాల్సింది" అన్నాడు, అంతా అయ్యాక! రెండుసార్లు పుట్టీ పెట్టి రంగేసినా మరక మళ్లీ పైకి తేలింది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి వాన నేరుగా తలుపు మీదే కొట్టింది. తెల్లారేసరికి గడప దగ్గర డికాషన్‌లాంటి నీళ్లు. మా పాప మగ్గులోకి ఎత్తి ఎండలో పెడితే అంచున నీలంగా మెరిసింది. షుగరు తగ్గుతుంది, నీళ్లు పోసుకుని తాగమని అమ్మే ఏగిస చెక్క గ్లాసులు గుర్తొచ్చాయి. షుగరు సంగతి డాక్టరునే అడగండి, నీలం మాత్రం నేను కళ్లారా చూశాను. టైల్స్ సందుల్లో సిమెంటుకు ఆ రంగు ఇప్పటికీ ఉంది. తలుపు పది రోజులు బిగుసుకుంది గానీ ద్వారబంధం వెంట్రుకవాసి కూడా ఒరగలేదు.

దీనికి చెద పట్టదని ఊరంతా చెప్పాను. ఆ మాట చేవకే, అంటే మాను లోపలి ముదురు చెక్కకే వర్తిస్తుంది. కిటికీ మూలన చేవ పట్టని తెల్లచెక్క రెండు వేళ్ల మేర ఉండిపోయింది, నాలుగో ఏడు అక్కడినుంచి పిండి రాలింది. తొలిచి అతుకు వేయించాం.

మళ్లీ కొంటానా? మా గుమ్మానికి వరండా లేదు, అందుకే ఇంత కోపం. మంచానికో బల్లకో అయితే ఆలోచించను, కాకపోతే జరపడానికి ఇద్దరు కావాలి. ఘనపుటడుగు 22 కిలోల దాకా తూగుతుంది, టేకు 18 దగ్గర ఆగుతుంది. బరంపురంలో అన్నయ్య కట్టే ఇంటికీ ఏగిసే, ఏడాదిగా షెడ్డు నీడన ఆరుతోంది. గోడ వైపు ముందే కొట్టమని ప్రైమర్ డబ్బా నేనే కొనిచ్చి వచ్చాను.