సొంత డబ్బుతో టైప్ రేటింగ్: ఈ కోర్సు కొనొచ్చా?

కమర్షియల్ లైసెన్స్, మల్టీ ఇంజిన్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ పూర్తయిన పైలట్‌కి ట్రైనింగ్ సంస్థలు ఆ తర్వాత అమ్మజూపేది ఏ320 (ఎయిర్‌బస్) లేదా 737 (బోయింగ్) టైప్ రేటింగ్, అంటే ఫలానా రకం విమానం నడపడానికి లైసెన్స్ మీద వేసే అర్హత. లైసెన్స్ మీద ఆ విమానం ఎండార్స్ అయితే చాలు, ఎయిర్‌లైన్లు పిలిచి మరీ తీసుకుంటాయన్నది ప్రకటనల సారం. ఆ కోర్సులో నిజంగా ఏం దొరుకుతుంది, బిల్లు ఎక్కడ పెరుగుతుంది, అసలు ఆ ఖర్చు పైలట్ భరించాలా ఎయిర్‌లైన్ భరించాలా అన్నదే ఈ రివ్యూ. మా మాట ముందే చెప్పేస్తాం: చేతిలో రాతపూర్వకమైన ఆఫర్ లేకుండా కొనకండి. ఆఫర్ ఉన్నా సరే, ముందు బాండ్ పద్ధతి (ఖర్చు ఎయిర్‌లైన్ పెట్టుకుని, బదులుగా కొన్నేళ్లు పనిచేస్తామని రాయించుకోవడం) ఉందేమో అడగండి.

రేటింగ్ అవసరమే లేదని ఎవరూ అనరు. కనీసం ఇద్దరు పైలట్లు ఉండాలని సర్టిఫై అయిన ప్రతి విమానానికీ టైప్ రేటింగ్ తప్పనిసరని ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) అనెక్స్ 1 చెబుతుంది. అమెరికాలోనైతే టేకాఫ్ బరువు 12,500 పౌండ్లు దాటినా, టర్బోజెట్ అయినా కావాల్సిందే. ఒక్క ఏ320 రేటింగ్‌తో ఏ318 నుంచి ఏ321 దాకా నడపొచ్చు. వేరియంట్ మారినప్పుడు మాత్రం డిఫరెన్సెస్ ట్రైనింగ్ (తేడాలు మాత్రం నేర్పే శిక్షణ) అదనం. అమ్మేవాళ్లు ఈ మొదటి మాట గట్టిగా చెబుతారు, రెండోది అడిగితేనే చెబుతారు.

కోర్సు లోపలికి వెళదాం. మొదటి రెండు వారాలూ గ్రౌండ్ స్కూల్. చాలాచోట్ల ఇది కంప్యూటర్ ముందు కూర్చుని సొంతంగా నడిపించుకునే సీబీటీయే. హైడ్రాలిక్స్, ఎలక్ట్రికల్, ఫ్లైట్ కంట్రోల్స్, ఇంజిన్లు, ఆటోఫ్లైట్, పర్ఫార్మెన్స్ అయ్యాక పరీక్ష పెడతారు. దీని విలువంతా ఇన్‌స్ట్రక్టర్ ఎంతసేపు ఎదురుగా ఉంటాడన్న దాన్ని బట్టే. సీబీటీ ఒక్కటే ఇచ్చి దాన్నే గ్రౌండ్ స్కూల్ అనే సంస్థలో సిమ్ (సిమ్యులేటర్) మొదలయ్యాక ఇబ్బంది బయటపడుతుంది. సిస్టమ్ అర్థం కాని పైలట్ చెక్‌లిస్ట్ చదవగలడు కానీ, అది ఎందుకు అలా చెబుతోందో ఊహించలేడు.

తర్వాత మోషన్ లేని ఫిక్స్‌డ్ బేస్ ట్రైనర్‌లో కొన్ని సెషన్లు, ఆపైన ఫుల్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో సాధారణంగా ఎనిమిది నుంచి పది. ఒక్కో స్లాట్ నాలుగు గంటలు. అందులో రెండు గంటలు మీరు పైలట్ ఫ్లయింగ్ (నడిపేవారు), రెండు గంటలు పైలట్ మానిటరింగ్ (గమనిస్తూ సాయపడేవారు). అంటే "నలభై గంటల సిమ్" అని రాసున్న చోట మీ చేతిలో విమానం ఉండేది ఇరవై గంటలే. ఇది మోసమేమీ కాదు, ఇద్దరు కలిసి నడిపే విమానానికి మానిటరింగ్ కూడా అంత ముఖ్యమే. కాకపోతే రెండు సంస్థల ధరలు పోల్చేటప్పుడు ఒకరు క్రూ గంటలూ మరొకరు ఒక్కో పైలట్ గంటలూ రాసి ఉంటారు, అక్కడ లెక్క తప్పుతుంది.

మంచి కోర్సుకీ నాసి కోర్సుకీ తేడా తెలిసేది వీ1 (ఇక టేకాఫ్ ఆపకూడని వేగం) తర్వాత ఇంజిన్ ఫెయిలయ్యే సెషన్లో. ఏ320లో జరగాల్సిన వరుస చూడండి. ముక్కు పక్కకి లాగుతుంది, రడ్డర్‌తో సెంటర్ లైన్ మీద ఉంచాలి. రొటేషన్ (ముక్కు పైకెత్తడం) మెల్లగా, ముందు 12.5 డిగ్రీల పిచ్ వైపు, తర్వాత ఎస్ఆర్ఎస్ (ముక్కు ఎంత ఎత్తాలో తెర మీద చూపే సూచన) చూపించినట్టు. పాజిటివ్ క్లైంబ్ చూసి గేర్ పైకి. స్లిప్ సూచిక నీలం రంగులోకి మారుతుంది, దాన్ని ఐలెరాన్‌తో కాదు, రడ్డర్‌తో మధ్యకి తేవాలి. రడ్డర్ ట్రిమ్ వేసుకుని, ఆటోపైలట్ ఆన్ చేసుకుని, 400 అడుగులు దాటాకే ఈక్యామ్ (లోపాన్నీ, చెయ్యాల్సిన పనుల్నీ చూపే తెర) చర్యలు మొదలుపెట్టాలి. కొత్తవాళ్లు దాదాపు అందరూ చేసే పొరపాటు రెండు రకాలు: విమానం కుదురుకోకముందే ఈక్యామ్ మీద పడటం, లేదా ఏ ఇంజిన్ అన్నది ఇద్దరూ నిర్ధారించుకోకుండా థ్రస్ట్ లివర్ మీద చెయ్యి వెయ్యడం. 2015 ఫిబ్రవరిలో తైపేలో ట్రాన్స్‌ఏషియా ప్రొపెల్లర్ విమానం ఏటీఆర్ 72 కూలిపోవడానికి కారణం అదే, బాగా పనిచేస్తున్న ఇంజిన్ లివర్‌నే వెనక్కి లాగేశారు. ఈ వ్యాయామాన్ని రెండుసార్లు చేయించి "బాగానే ఉంది" అని తర్వాతి అంశానికి వెళ్లే ఇన్‌స్ట్రక్టర్ ఉంటాడు. కుడి ఇంజిన్, ఎడమ ఇంజిన్, ఎదురుగాలి, పక్కగాలి మార్చి మార్చి చేయించేవాడూ ఉంటాడు. పక్క సీట్లో కూర్చుని ఒక సెషన్ చూడనిమ్మని అడగండి. ఒప్పుకోని సంస్థ గురించి ఇంకో మాట అక్కర్లేదు.

సిమ్ విషయంలోనే ఇంకో మెలిక ఉంది, ఇంజిన్ వేరియంట్. మీరు చేరాలనుకున్న ఎయిర్‌లైన్‌లో నియో (ఏ320లో కొత్త ఇంజిన్ల రకం) ఉండి, సంస్థ సిమ్‌లో పాత సీఎఫ్ఎమ్ ఇంజిన్ ఉంటే రేటింగ్ చెల్లుతుంది కానీ చేరాక మళ్లీ డిఫరెన్సెస్ ఉంటుంది. 737లో పాత రకం ఎన్‌జీ, కొత్త రకం మ్యాక్స్ మధ్య కూడా ఇదే కథ. సిమ్యులేటర్ క్వాలిఫికేషన్ సర్టిఫికెట్ మీ లైసెన్స్ ఇచ్చిన అథారిటీ గుర్తించినదేనా, ట్రైనింగ్ సంస్థ అప్రూవల్‌లో ఆ టైప్ పేరు ఉందా, పరీక్ష తీసుకునే ఎగ్జామినర్ సంతకం మీ అథారిటీ దగ్గర పనికొస్తుందా, ఈ మూడూ డబ్బు కట్టకముందే కాగితం మీద చూసుకోవాలి. ఒక దేశం రెగ్యులేటర్ ఆమోదించిన కోర్సు ఇంకో దేశం లైసెన్స్ మీద దానంతటదే ఎండార్స్ కాదు. ఇది అందరికీ తెలిసినట్టే ఉంటుంది, అయినా ఏటా ఎవరో ఒకరు చేతులు కాలాకే ఆకులు పట్టుకుంటారు.

బ్రోషర్ ధరలో ఉండనివి ఏంటంటే, మొదట బేస్ ట్రైనింగ్. అనుభవం తక్కువున్న పైలట్ సిమ్‌లో స్కిల్ టెస్ట్ పాసయినా, ఈయాసా (యూరప్ విమానయాన భద్రతా సంస్థ) పద్ధతిలో నిజమైన ఖాళీ విమానం మీద మామూలుగా కనీసం ఆరు ల్యాండింగ్‌లు చేస్తేనే రేటింగ్ లైసెన్స్ మీదకి వస్తుంది. జెట్ విమానం అద్దె, ఇంధనం, ల్యాండింగ్ ఫీజులు, ఇన్‌స్ట్రక్టర్ అన్నీ కలిపి ఇది మొత్తం ఖర్చులో పెద్ద ముక్క. నలుగురైదుగురు ట్రైనీలు పోగయ్యేదాకా విమానం దొరకదు, కాబట్టి నెలల తరబడి నిరీక్షణ కూడా. "బేస్ ట్రైనింగ్ అందుబాటులో ఉంది" అంటే ధరలో కలిసి ఉందని కాదు.

దీన్ని తప్పించే, సిమ్‌లోనే ముగిసే జీరో ఫ్లైట్ టైమ్ కోర్సుని కొందరు దగ్గరి దారిలా చూపిస్తారు. అత్యున్నత స్థాయి లెవెల్ డి సిమ్‌లో అది చెయ్యాలంటే మల్టీ పైలట్ టర్బోజెట్ మీద గానీ పెద్ద టర్బోప్రాప్ మీద గానీ 500 గంటలు లేదా 100 సెక్టార్ల (ఒక టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా ఒక సెక్టార్) అనుభవం ఉండాలి. లెవెల్ సి సిమ్ అయితే 1,500 గంటలు లేదా 250 సెక్టార్లు. అంతేకాదు, స్కిల్ టెస్ట్ తర్వాత 21 రోజుల్లోగా ఎయిర్‌లైన్‌లో పర్యవేక్షణతో లైన్ ఫ్లయింగ్ (మామూలు సర్వీసుల్లో ఎగరడం) మొదలవ్వాలి. ఎయిర్‌లైన్ లేని పైలట్‌కి ఈ కోర్సు అమ్మడంలో అర్థమే లేదు.

ఆ తర్వాత చిన్న చిన్న ఖర్చులు కలిసి తడిసి మోపెడవుతాయి. అదనపు సిమ్ సెషన్, స్కిల్ టెస్ట్ మళ్లీ తీసుకుంటే ఎగ్జామినర్ ఫీజు, సిమ్ స్లాట్ ఫీజు, అథారిటీ ఫీజు. ఇవన్నీ విడివిడిగా వేస్తారు. మీ సిమ్ పార్ట్‌నర్ మధ్యలో మానేస్తే కుడిపక్క కూర్చునే సీట్ ఫిల్లర్ ఖర్చు ఎవరిదన్నది చాలా ఒప్పందాల్లో రాయరు, రాయలేదంటే అది మీదే. మొదటిసారి మల్టీ పైలట్ విమానానికి వెళ్లేవాళ్లకి ఎమ్‌సీసీ (ఇద్దరు పైలట్లు కలిసి పనిచేసే శిక్షణ) సర్టిఫికెట్ ముందే ఉండాలి, అది ప్యాకేజీలో ఉందో లేదో చూసుకోండి.

ఇంతా అయ్యాక చేతికొచ్చేది పాడయ్యే సరుకు. ఈయాసా రేటింగ్ ఒక్క ఏడాదే చెల్లుతుంది. ముగిసే ముందు మూడు నెలల్లో ప్రొఫిషియెన్సీ చెక్ (సామర్థ్యాన్ని మళ్లీ తేల్చే పరీక్ష) చేయించుకుంటే పాత తేదీ నుంచే మరో ఏడాది. లేదంటే ట్రైనింగ్ సంస్థ మిమ్మల్ని అంచనా వేసి రిఫ్రెషర్ పెడుతుంది, గడువు దాటి ఎన్నాళ్లయితే అంత ఎక్కువ. ప్రయాణికులతో ఎగరాలంటే గత 90 రోజుల్లో అదే టైప్ మీద గానీ సిమ్‌లో గానీ మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు ఉండాలి. ఉద్యోగం లేని పైలట్‌కి ప్రతి ఏడాదీ ఒక సిమ్ బిల్లు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఎయిర్‌లైన్ ఖాయం కాకుండానే ఫ్లీట్ ఎంచుకున్నవాళ్ల పరిస్థితి ఇది. ఏ320 చేసి కూర్చుంటే పిలుపు ఏటీఆర్ నడిపే ఎయిర్‌లైన్ నుంచి రావచ్చు. అప్పుడు మళ్లీ మొదటికే.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. నియామక ప్రకటనల్లో తరచూ అడిగేది రేటింగ్‌తో పాటు "టైప్ మీద గంటలు". రేటింగ్ ఉండి ఆ విమానం మీద సున్నా గంటలున్న పైలట్‌కి లైన్ ట్రైనింగ్ ఎలాగూ ఇవ్వాలి, తమ ఎస్ఓపీలు (పని పద్ధతులు) ఎలాగూ నేర్పాలి, కాబట్టి ఎయిర్‌లైన్‌కి మిగిలేది కొంతే. ఈ ఖాళీలోనే పే టు ఫ్లై పుట్టుకొచ్చింది. డబ్బు కట్టించుకుని ప్రయాణికులున్న విమానంలో ఫస్ట్ ఆఫీసర్ సీటుని గంటల లెక్కన అమ్మడం. యూరోపియన్ కాక్‌పిట్ అసోసియేషన్, ఇఫాల్పా (పైలట్ల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య) రెండూ దీన్ని బహిరంగంగా వ్యతిరేకించాయి. మా అభిప్రాయమూ అంతే: ఇది ఎంత తక్కువ ధరకి వచ్చినా కొనకూడదు. గంటలు అయిపోగానే ఆ సీట్లోకి డబ్బు కట్టిన తర్వాతివాడు వస్తాడు, ఉద్యోగం ఎవరికీ పుట్టదు. పైగా డబ్బు కట్టి కూర్చున్నవాడు పక్కనున్న కెప్టెన్‌కి "గో అరౌండ్" (ల్యాండింగ్ ఆపి మళ్లీ పైకి వెళ్దాం) అని గట్టిగా చెప్పగలడా అన్నది అంత తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు.

ఇక అసలు వాదన. పైలట్లే కట్టాలనేవాళ్లు చెప్పేదాంట్లో పస ఉంది. రేటింగ్ పైలట్ లైసెన్స్ మీద ఉంటుంది, ఎయిర్‌లైన్ మీద కాదు. కంపెనీ డబ్బుతో రేటింగ్ తీసుకుని ఆరు నెలల్లో పోటీ సంస్థకి వెళ్లిపోతే నష్టం కంపెనీదే. అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ చాలా ఏళ్లపాటు 737 టైప్ ఉంటేనే తీసుకునేది, తర్వాత ఆ షరతు ఎత్తేసింది. అయినా మేం ఎయిర్‌లైన్ కట్టాలనే అంటాం, దానికి కారణం దయ కాదు. తన డబ్బు పెట్టే ఎయిర్‌లైన్ ఎంపికలో జాగ్రత్త పడుతుంది. సామర్థ్య పరీక్ష, సిమ్ అసెస్‌మెంట్ పెట్టి, కోర్సు తట్టుకోగలవాళ్లనే తీసుకుంటుంది. పైలటే డబ్బు పెడితే ఆ వడపోత చేసేది బ్యాంకు అప్పే. ట్రైనింగ్ సంస్థకి ట్రైనీయే కస్టమర్ అయినప్పుడు "ఇతను ఇంకా సిద్ధంగా లేడు" అని చెప్పడం కూడా కష్టమే. ఎగ్జామినర్ స్వతంత్రుడే, కానీ స్కిల్ టెస్ట్‌కి పంపాలా వద్దా అన్నది సంస్థ చేతిలో ఉంటుంది.

యూరోపియన్ యూనియన్ 2019/1152 డైరెక్టివ్‌లో 13వ ఆర్టికల్ దీనికి దగ్గరగా వస్తుంది. ఉద్యోగం చెయ్యడానికి చట్టప్రకారం యజమాని ఇవ్వాల్సిన శిక్షణ ఉచితంగా ఇవ్వాలంటుంది. కానీ వృత్తి అర్హత పొందడానికి, నిలుపుకోవడానికి చేసే శిక్షణ, యజమాని ఇవ్వాలని చట్టం చెప్పనంతవరకూ దీని కిందికి రాదని పీఠికలోనే రాశారు. టైప్ రేటింగ్ ఈ రెండింటిలో ఎటు వస్తుందన్నదే తగువు. ఎయిర్‌లైన్ సొంత కన్వర్షన్ కోర్సుకి (చేరినవాళ్లకి తన పద్ధతులు నేర్పే శిక్షణకి) డబ్బు అడిగితే మాత్రం ఈ ఆర్టికల్ చూపించి గట్టిగా మాట్లాడొచ్చు.

కంపెనీ వదిలి వెళ్తారన్న భయానికి మందు బాండ్. మంచి బాండ్ ఎలా ఉండాలంటే: మూడేళ్లదైతే ప్రతి నెలా ముప్పై ఆరో వంతు తగ్గాలి. ముప్పై అయిదో నెలలో వెళ్లినా మొత్తం కట్టమనే బాండ్ బాండ్ కాదు, సంకెల. మొత్తం విలువ నిజమైన ట్రైనింగ్ బిల్లు దాటకూడదు. కంపెనీయే తీసేసినా, మెడికల్ (ఆరోగ్య సర్టిఫికెట్) పోయినా, కంపెనీ మూతబడినా బాండ్ రద్దవ్వాలి. గడువు ఎండార్స్‌మెంట్ తేదీ నుంచి లెక్కించాలి. "లైన్ రిలీజ్ తర్వాత" (లైన్ ట్రైనింగ్ ముగిశాక) అని రాస్తే, లైన్ ట్రైనింగ్ సాగినన్ని నెలలూ మీ ఖాతాలో పడవు.

ఎయిర్‌లైన్ ఎంపిక చేశాక, సొంత ఖర్చుతో తాను చెప్పిన సంస్థలోనే రేటింగ్ చేసుకురమ్మనే పద్ధతి మధ్యస్తంగా ఉంటుంది. దీన్ని పూర్తిగా తీసిపారెయ్యం, సెలెక్షన్ ముందే అయిపోయింది కాబట్టి. కానీ ఆఫర్ లెటర్‌లో "ఖాళీని బట్టి" అన్న మాట ఉంటే అది ఆఫర్ కాదు. చేరే తేదీ ఉండాలి. ఆ తేదీ ఎయిర్‌లైన్ వల్ల వెనక్కి జరిగితే ఆ మధ్యలో వచ్చే ప్రొఫిషియెన్సీ చెక్ ఖర్చు ఎయిర్‌లైన్‌దే అని రాయించుకోవాలి. సంస్థకి మొత్తం ఒకేసారి కట్టకండి. గ్రౌండ్, ఫిక్స్‌డ్ బేస్, ఫుల్ ఫ్లైట్ సిమ్, బేస్ అని దశలవారీగా, ప్రతి దశ మొదట్లో కట్టేలా మాట్లాడుకోండి. సంస్థ దివాలా తీస్తే ముందుగా కట్టినవాళ్లు అప్పులవాళ్ల వరుసలో చివర నిలబడాల్సి వస్తుంది. అన్నిటికంటే ముందు క్లాస్ 1 మెడికల్ చేతిలో ఉండాలి. కోర్సు మధ్యలో మెడికల్ ఆగిపోతే రీఫండ్ ఇచ్చే సంస్థలు తక్కువే.

సొంతంగా కట్టడం సబబైన చోటు ఒకటి ఉంది: బిజినెస్ జెట్ల మీద ఫ్రీలాన్స్ చేసే అనుభవజ్ఞులు. వాళ్లకి ఒక్క యజమాని ఉండడు, రేటింగే వాళ్ల పెట్టుబడి, అందుకు తగ్గ రేటు వాళ్లే అడుగుతారు. ఆ లెక్కని రెండు వందల గంటల అనుభవమున్న కొత్త పైలట్‌కి చూపించి అమ్మేవాళ్ల దగ్గర మాత్రం సంతకం పెట్టకండి.