ప్రతిజ్ఞా, పోటీయా?

సర్దార్ పటేల్ జయంతి అయిన అక్టోబరు 31 వచ్చే వారంలో, ప్రభుత్వ సంస్థల్లో అవినీతిని అరికట్టేందుకు 1964లో ఏర్పడిన కేంద్ర విజిలెన్స్ కమిషన్ పిలుపు మేరకు, కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో విజిలెన్స్ అవగాహన వారోత్సవాలు జరుగుతాయి. వాటిలో ఉద్యోగులకు ఏది మేలు, ప్రతిజ్ఞా, పోటీలా? ఉద్యోగులందరూ కలిసి చేసే నిజాయితీ ప్రతిజ్ఞకు కొద్ది నిమిషాలు చాలు, ఖర్చూ ఉండదు. అయితే సిద్ధంగా ఉన్న వాక్యాలను పలకడానికి ఆలోచనతో పని లేదు.

వ్యాసం, నినాదం, పోస్టరు, నాటిక పోటీలు అలా కావు. పరీక్షల విభాగంలోని గుమాస్తా మార్కుల దిద్దుబాటుకు వచ్చే సిఫారసులపైనో, కొనుగోళ్ల విభాగం ఉద్యోగి టెండర్లపైనో నాటిక రాయాలంటే, తన బల్ల మీది ఫైలునే కొత్తగా చూడవలసి వస్తుంది. రాయడం అలవాటు లేని అటెండర్లు వెనుకబడతారన్న చిక్కు నిజమే. అందుకే అందరూ బృందంగా వేసే నాటికనే నేను కోరుకుంటాను. విజేతలను అధికారులతో పాటు తోటి ఉద్యోగులూ ఎంచాలి.